ఒకటిన్నర గ్రాముల మహాకావ్యం

మహాకావ్యానికి నాయకుడు ధీరోదాత్తుడై ఉండాలని, సద్వంశంలో పుట్టి ఉండాలని, సముద్రమంత గాంభీర్యం, మేరువంత స్థైర్యం కలిగి ఉండాలని లాక్షణికులు శాసించారు. మా నాయకుడి బరువు ఒకటిన్నర గ్రాములు. అడ్డంగా కొలిస్తే 14, 15 మిల్లీమీటర్లు. బొటనవేలి గోరుమీద కొలువుతీరి కూర్చోగలడు. పుట్టింది ఆరో శతాబ్దపు గాల్ దేశంలోనో స్పెయిన్‌లోనో. చెప్పుకునే ఊరు కాన్‌స్టాంటినోపుల్. మోసే పేరు తనది కాదు, తన్ను పుట్టించిన రాజుదీ కాదు. ముఖాన ఉన్న అక్షరాలు చదవబోతే నోరు తిరగదు, ఎందుకంటే వాటిలో సగం అక్షరాలే కావు. గాంభీర్యం సంగతి తర్వాత చూద్దాం. మేరువు మాత్రం బంగారుకొండే కదా, ఆ ఒక్క పోలికా కుదిరింది.

పేరు త్రెమిస్సిస్. సాలిడస్ అనే రోమన్ బంగారు నాణెంలో మూడోవంతు. గోత్‌లు, బర్గండియన్లు, స్వెవీలు, ఫ్రాంకులు, లంబార్డులు అనే జర్మానిక్ తెగలవాళ్ళు రోమన్ చక్రవర్తి నాణేన్ని ఎదురుగా పెట్టుకుని, కనిపించినంత చూసి, చేతనైనంత చెక్కి, కొట్టి వదిలిన నకళ్ళలో మా నాయకుడొకడు. అతని అన్నదమ్ములు, పినతండ్రులు, దాయాదులు యూరప్ మ్యూజియంలలో వెల్వెట్ గుంటల్లో పడుకుని ఉన్నారు. వారందరి చరిత్రా ఇప్పుడు గానం చేయబోతున్నాను.

ముందుగా స్తుతులు. దాగలికి నమస్కారం. సుత్తికి నమస్కారం. గీటురాయికి దూరం నుంచి నమస్కారం. సుకవిస్తుతి కింద కాన్‌స్టాంటినోపుల్ టంకశాలలో కూర్చుని, ఆవగింజంత చోటులో చక్రవర్తి ముత్యాల పట్టీ చెక్కిన అనామక శిల్పులకు దండం. ఆ తరువాత కుకవినింద చేయడం ఆచారం. ఈ కావ్యంలో కుకవులే కథానాయకులు గనుక ఆ ఘట్టాన్ని వదిలేస్తున్నాను.

ఇక వంశక్రమం. అది ఎట్టిదనిన, నాలుగో శతాబ్దం తొలినాళ్ళలో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి రోమన్ పౌను బంగారానికి 72 చొప్పున, ఒక్కోటి సుమారు నాలుగున్నర గ్రాముల సాలిడస్‌ను ప్రవేశపెట్టాడు. అతనికి ముందు రాజులు నాణేన్ని కొంచెం కొంచెంగా కొరుక్కుతింటూ వచ్చారు. ఇతను గీసిన గీత మాత్రం దాదాపు ఏడు వందల ఏళ్ళు చెరగలేదు. సాలిడస్‌కు సగం సెమిస్సిస్. నాలుగో శతాబ్దం చివర్లో, థియోడోసియస్ కాలంలో, మూడోవంతు త్రెమిస్సిస్ పుట్టింది. ఒకవైపు ముత్యాల పట్టీ కట్టుకున్న చక్రవర్తి పక్కచూపు, చుట్టూ ‘మా ప్రభువు ఫలానా, శాశ్వత ఆగస్టస్’ అని బిరుదు. రెండోవైపు రెక్కల విజయదేవత, చుట్టూ ‘విక్టోరియా ఆగుస్టోరుం’. ఆమె కాళ్ళకింద ‘కోనోబ్’ అని అయిదక్షరాల ముద్ర. కాన్‌స్టాంటినోపుల్‌లో పుటం పెట్టిన బంగారం అని పూచీకత్తు.

ఈ బంగారం ఉత్తరాది అడవుల్లోకి ఎలా వెళ్ళిందంటారా? వర్తకం వల్ల కొంత, జీతాల వల్ల కొంత, భయం వల్ల చాలా. హూణరాజు అత్తిలాతో 447 ప్రాంతంలో కుదిరిన ఒప్పందం ప్రకారం తూర్పు రోమన్ ప్రభువులు ఏటా 2,100 పౌన్ల బంగారం చెల్లించాలి. లెక్క కట్టి చూడండి, ఏడాదికి 1,51,200 సాలిడస్‌లు. దీన్ని కప్పమని పిలవడం చక్రవర్తికి నామోషీ, ఎలా పిలిచినా పుచ్చుకునేవాడికి బరువు ఒకటే. అత్తిలా గొడుగు కింద గోత్‌లూ ఉన్నారు, గెపిడ్‌లూ ఉన్నారు. ఫ్రాంకుల రాజు చిల్డెరిక్ 481 ప్రాంతంలో చనిపోతే అతనితో పాటు నూరుకు పైగా బంగారు నాణేలు పాతిపెట్టారు. 1653లో తుర్నే పట్టణంలో గునపానికి తగిలి ఆ సమాధి బయటపడితే, లియో, జీనో చక్రవర్తుల ముఖాలు అక్కడ తళతళలాడుతున్నాయట. 1831లో దొంగలు పారిస్ రాజ గ్రంథాలయంలోకి దూరి, ఆ నిధిలో అధికభాగాన్ని ఎత్తుకుపోయి కరిగించారు. పన్నెండు వందల ఏళ్ళు మట్టి కాపాడిన దాన్ని మనుషులు కాపాడలేకపోయారు. దొంగలకు నాణెశాస్త్రం రాదు. త్రాసు చూడటం వచ్చు.

అసలు ప్రశ్న ఇక్కడుంది. రోమ్‌ను కొట్టినవాడు రోమ్ చక్రవర్తి పేరుతో నాణెం ఎందుకు కొడతాడు? రాజ్యం తీసుకున్నాడు, పొలాలు తీసుకున్నాడు, స్నానశాలలు తీసుకున్నాడు, పేరు మాత్రం పాతదే ఉంచాడు. వినయమని ఎవరైనా అంటే నవ్వకండి, కొంత వినయమూ ఉంది. అసలు సంగతి సంతలో ఉంది. రైతుకు, ఓడ సరంగుకు, గుర్రాల బేరగాడికి తెలిసిన ముఖం ఒకటే. ఆ ముఖం లేని బంగారాన్ని వాడు పళ్ళతో కొరికి, రాతిమీద గీసి, తూచి, మళ్ళీ తూచి, చివరికి సగం ధరకు అడుగుతాడు. ఆ ముఖం ఉంటే సంచిలో వేసుకుంటాడు. అందుకని గోత్‌ల రాజు అలారిక్ వంశీకుడైనా, బర్గండియన్ల రాజు గుండొబాడైనా, తన టంకశాల వాకిట్లో పరాయి ప్రభువును కూర్చోబెట్టక తప్పలేదు.

ఈ మర్యాదను స్వెవీలు ఇంకో మెట్టు ఎక్కించారు. వాళ్ళు స్పెయిన్ వాయవ్యమూల గల్లేసియాలో ఉండేవాళ్ళు. నాణేలమీద వేసింది హొనోరియస్ చక్రవర్తి పేరు, పక్కన మిలాన్ టంకశాల గుర్తు. హొనోరియస్ 423లో పోయాడు. అయినా అతని పేరుతో అతని తర్వాత కూడా సాలిడస్‌లు కొడుతూనే ఉన్నారు. పుట్టింది గల్లేసియా అడవిలో, చిరునామా మిలాన్, యజమాని పరలోకం. ఇంత దూరపు కాపురం ఏ కావ్యనాయికా చేయలేదు.

ఇక యుద్ధఘట్టం. భారతానికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఇక్కడ ఒక్క దెబ్బ. దాగలి గుంటలో కింది అచ్చు నాటి ఉంది. దానిమీద కాచి, సాగగొట్టి, తూకం చూసిన బంగారపు బిళ్ళ. దానిమీద పై అచ్చు, దాన్ని పట్టుకున్న శిష్యుడి వేళ్ళు, ఆ వేళ్ళకు కొంచెం ఎడంగా సుత్తి. అంతట ప్రళయకాలమేఘగర్జాసమాన ఘోషంబున లోహదండంబు క్రిందికి దిగె. చక్రవర్తి పుట్టాడు. శిష్యుడి వేళ్ళు పదీ లెక్కకు సరిపోయాయి. మళ్ళీ బిళ్ళ, మళ్ళీ దెబ్బ.

అసలు పోరు దానికి ముందే, అచ్చు చెక్కేటప్పుడు జరిగిపోయింది. కంసాలి పీటమీద ఒకవైపు అసలు నాణెం, మరోవైపు నునుపు చేసిన లోహపు ముక్క, చేతిలో ఉలి. ఇతనికి లాటిన్ రాదు. లాటిన్ మాట అటుంచి, ఏ చదువూ వచ్చినట్టు తోచదు. అచ్చులో అక్షరాన్ని ఎడమకు కుడిగా తిప్పి చెక్కితేనే నాణెంమీద సూటిగా పడుతుంది. ఇతను చూసింది చూసినట్టు చెక్కాడు. ఫలితంగా చక్రవర్తి శిరస్సు చుట్టూ వలయంగా నిలిచిన అక్షరసేనలో తొలి కలకలం మొదలైంది. ‘ఎస్’ అనే యోధుడు శత్రువుకు వెన్ను చూపాడు. ‘ఎన్’ వాలుకర్ర తప్పు దిక్కుకు ఒరిగింది. ‘ఏ’ నడికట్టు జారిపోయి, తలకిందులైన ‘వి’గా మిగిలాడు, ‘వి’ దళంవాళ్ళు అతన్ని తమవాడనుకుని కలుపుకున్నారు. ‘ఆర్’ కాలు తెగింది. ‘ఓ’ కన్ను మూసుకుపోయి చుక్క అయింది. మరుసటి తరం కంసాలి అసలు నాణేన్ని చూడలేదు, ఈ నకలునే చూశాడు. క్షతగాత్రులైన ఆ అక్షరాలనే ఆదర్శంగా తీసుకుని, వాటి గాయాలను కూడా భక్తిగా చెక్కాడు. మూడో తరానికి సేనలో అక్షరమన్నవాడు లేడు. అందరూ ఈటెలై నిటారుగా నిలబడ్డారు: నిలువుగీత, నిలువుగీత, సున్నా, నిలువుగీత. అనస్తాసియస్ చక్రవర్తి బిరుదావళి వెదురు దడిగా మారింది.

పండితుల జాబితాలు ఈ నాణేలను ‘అనాగరిక అనుకరణలు’ అని, ‘క్షీణించిన అక్షరాలు’ అని రెండు ముక్కల్లో తీర్పు చెప్పి పక్కన పెట్టేవి. నాకా తీర్పు నచ్చదు. ఒక్కసారి ఆ కంసాలి కూర్చున్న చోట కూర్చుని చూడండి. చదవలేని గీతలను వదిలెయ్యొచ్చు కదా, వదల్లేదు. అంచు పొడవునా ఎక్కడా ఖాళీ లేకుండా గీతలు నింపాడు. నాణెంమీద రాత ఉండి తీరాలని అతనికి తెలుసు, ఆ రాత ఏమిటో తెలియదు. రాతమీద ఇంత నమ్మకం చదువుకున్నవాళ్ళలో నేనెక్కడా చూడలేదు.

తర్వాత నాయికావర్ణన. దేవతలనైతే పాదాల నుంచి శిరస్సుకు, మానవకాంతలనైతే శిరస్సు నుంచి పాదాలకు వర్ణించమని సంప్రదాయం. విక్టోరియా రోమన్లకు దేవత. క్రైస్తవం వచ్చాక ఆమెను గుళ్ళోంచి పంపించారు గాని నాణెంమీద నుంచి పంపలేకపోయారు. సగం దేవదూత వేషంలో అక్కడే నిలిచిపోయింది. దేవతో కాదో తేలని మనిషి గనుక నడుము నుంచి మొదలుపెడతాను.

కాన్‌స్టాంటినోపుల్ శిల్పి చేతిలో ఆ నడుము దగ్గర వస్త్రం ముడిపడి, కుచ్చెళ్ళు గాలికి ఎగిరేవి. గోత్‌లలో ఒక శాఖ అయిన విసిగోత్‌ల కంసాలి ఆ ముడిని రెండు అడ్డగీతలుగా అర్థం చేసుకున్నాడు. తర్వాతివాడు ఒక గీత చాలన్నాడు. ఆ తర్వాతివాడికి ఆ గీతా అనవసరమనిపించింది. ఉందో లేదో తెలియని నడుము కోసం మన ప్రబంధకవులు ఎన్ని సీసాలు ధారపోశారో! ఇక్కడ ఉలి రెండు మూడు దెబ్బల్లో సాధించింది. పైకి చూస్తే, దండ పట్టుకుని ముందుకు చాచిన చెయ్యి ఒక కొక్కెం. వెనక ఉన్న ఖర్జూరపు మట్ట, రెక్క ఒకదాన్నొకటి అల్లుకుని దువ్వెన పళ్ళయ్యాయి. ముఖచంద్రుడు చుక్క, మచ్చ లేదు, ముక్కూ లేదు. కుచ్చెళ్ళు రెండు కట్టల నిలువుగీతలై, వాటి చివర పాదాలు బయటికి తిరిగి, మోకాళ్ళు మడిచి, ఎగరడానికి సిద్ధంగా ఉన్న మిడత ఒకటి నాణెం మధ్యన నిలబడింది. అతిశయోక్తి కాదు, విసిగోత్ రాజు లియోవిగిల్డ్ కాలపు తొలి నాణేలు చూసిన నిపుణులే ఆమెలో పురుగును చూశారు. రోమన్ సేనల ముందు నడిచిన విజయలక్ష్మి ఇబీరియా ఎండలో ఒక కీటకమై తేలింది, అయినా దండను మాత్రం చేతిలోంచి వదల్లేదు.

చక్రవర్తికి కూడా సుఖం లేదు. అతని తలపట్టీ ముత్యాల వరసే కనుక బతికిపోయింది. చుక్కలు పెట్టడం ఎవరికైనా వచ్చు. ముక్కు నుదుటితో కలిసి ఒక్క గీతయింది. భుజాలమీది వస్త్రం పీపా బద్దీల్లా చుట్టుకుంది. విసిగోత్‌లు అతని రొమ్ముమీద ఒక సిలువను నిలిపారు. అసలు నాణెంలో అది లేదు. అంటే కంసాలి తన సొంతంగా ఒక మాట కలిపాడన్నమాట. ఇటలీలో లంబార్డులు మారిస్ టైబీరియస్ చక్రవర్తి నాణేన్ని నమూనాగా పెట్టుకుని, బిళ్ళను పలచగా, వెడల్పుగా సాగదీసి, బొమ్మ చుట్టూ గట్టులాంటి అంచు వేశారు. తర్వాత కునిన్‌క్పెర్ట్ రాజు కాలంలో ఆ మిడతను తప్పించి ఆ చోట సెయింట్ మైకేల్‌ను నిలబెట్టారు. ఆయనకూ రెక్కలున్నాయి కనుక పెద్ద ఇబ్బంది కలగలేదు.

ప్రతినాయకుడు లేకపోతే రక్తి కట్టదు. ఇక్కడ అతని పేరు రాగి, అప్పుడప్పుడు వెండి. బొమ్మ ఎంత వంకరపోయినా సంత సహించింది. వన్నె తగ్గితే సహించలేదు. పశ్చిమ చక్రవర్తి మజోరియన్ 458లో ఒక శాసనం చేశాడు. నిండు తూకం ఉన్న సాలిడస్‌ను పన్ను వసూలుదారు ఎవరూ తిరస్కరించకూడదన్నాడు. అంటూనే, గాల్ సాలిడస్‌కు ఈ రక్షణ లేదన్నాడు, దాని బంగారం తక్కువరకం కనుక. మా నాయకుడి వంశానికి అది తొలి రాచమర్యాద. తర్వాత బర్గండియన్ల చట్టం నాలుగు రకాల నాణేలను పేరుపెట్టి వెలివేసింది. జెనీవాలో పూర్వం కొట్టినవి ఒక రకం, రెండో అలారిక్ రాజు కాలం నుంచి గోత్‌లు కల్తీ చేసినవి మరొకటి. తామూ నకలు కొట్టేవాళ్ళే, పొరుగువాడి నకలును మాత్రం తీసుకోవద్దన్నారు! వియెన్ బిషప్ అవిటస్ ఒక ఉత్తరంలో ఈ అలారిక్ కల్తీని ఎత్తిపొడిచి, అది రాబోయే పతనానికి శకునమని రాశాడు. 507లో ఫ్రాంకుల చేతిలో అలారిక్ ఓడి చచ్చాడు. గీటురాయిమీది గీత చూసి జాతకం చెప్పిన బిషప్‌ను నేను ఇంకెక్కడా చూడలేదు.

కల్తీ చేసినవాళ్ళే కాదు, తగ్గించి ఆ సంగతి పైకి చెప్పినవాళ్ళూ ఉన్నారు. రోమన్లు బంగారాన్ని కరోబ్ చెట్టు గింజ లెక్కన తూచేవారు, మనవాళ్ళు గురిగింజలు వేసినట్టు. సాలిడస్‌కు 24 గింజలు, త్రెమిస్సిస్‌కు ఎనిమిది. ఆరో శతాబ్దం చివర్లో ప్రొవాన్స్ టంకశాలలు సాలిడస్‌ను 21కి, త్రెమిస్సిస్‌ను ఏడుకు దించి, ఆ అంకెలను నాణెంమీదనే చెక్కించాయి. ముందు చక్రవర్తి ముఖం, వెనక ‘ఒక గింజ తక్కువ’ అని ఒప్పుకోలు. తగ్గించినంత తగ్గించి, ఎంత తగ్గించామో పైన అచ్చు వేసిన ప్రభుత్వాలు చరిత్రలో అరుదు.

ఈ వంశంలో పెద్దింటి బిడ్డలు లేరని కాదు. ఇటలీని ఏలిన ఆస్ట్రోగోత్ రాజు థియోడొరిక్ టంకశాలల్లో అసలుకు తీసిపోని పని జరిగింది. అనస్తాసియస్ పేరు, చక్కటి అక్షరాలు, చివర్న ఒక మూల థియోడొరిక్ పేరక్షరాలు ముడివేసిన గుర్తు. సంతకం కాదు, గుసగుస. కాని ఒక్కసారి ఆయన గుసగుసతో తృప్తిపడలేదు. మూడు సాలిడస్‌ల ఎత్తు, సుమారు 15 గ్రాముల బంగారు పతకం మీద తన ముఖమే వేయించుకున్నాడు, మీసంతో సహా. గడ్డం లేకుండా మీసం ఒక్కటే, రోమన్ చక్రవర్తుల పద్ధతి కాదది. ఇప్పుడు రోమ్ నగరంలోని మ్యూజియంలో ఉంది.

ఉత్తరాన స్కాండినేవియా వైపు పోతే కథ పూర్తిగా చెయ్యి దాటిపోతుంది. అక్కడ వీటిని ఖర్చు పెట్టలేదు, మెడలో వేసుకున్నారు. రోమన్ పతకాల నమూనాతో మొదలుపెట్టి పలచని బంగారపు రేకుమీద ఒకేవైపు బొమ్మ అద్దారు. బ్రాక్టియేట్‌లంటారు, సుమారు వెయ్యి దొరికాయి. చక్రవర్తి తల పెరిగి పెరిగి మొండెం అదృశ్యమై, ఆ తల నాలుగుకాళ్ళ జంతువొకదానిమీద ఎక్కి కూర్చుంది. కొన్నిటిమీద లాటిన్ స్థానంలో రూనిక్ లిపి వచ్చింది. డెన్మార్క్‌లోని విండెలెవ్‌లో 2020లో దొరికిన నిధిలో ఒకదానిమీద ఓడిన్ దేవుడి పేరు చదివారు. బ్రిటిష్ మ్యూజియంలో ఇంకొక విచిత్రం ఉంది. హొనోరియస్ సాలిడస్‌కు నకలు, దానిమీద రూనిక్ లిపిలో ‘స్కానోమోడు’ అనే మనిషి పేరు. చక్రవర్తి ముఖం పక్కన ఎవరో ఒకాయన తన పేరు రాసుకున్నాడు, కాన్‌స్టాంటినోపుల్‌కు చెప్పకుండా.

మెడలో వేసుకున్నందుకు వాళ్ళను వెక్కిరించే హక్కు మనకు లేదు. మన దక్షిణాదిలోనూ రోమన్ బంగారం దిగింది. వినుకొండలో 1889లో పదిహేను నాణేలు బయటపడ్డాయి. ఇక్కడి కంసాలులూ రోమన్ నాణేలకు నకళ్ళు చేశారు, ఇక్కడా అక్షరాలు గీతలయ్యాయి. వాటిలో చాలావాటికి చక్రవర్తి తల పైభాగాన రెండు రంధ్రాలుంటాయి, దారం పోవడానికి. రెండు చివరల కంసాలులకూ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. చక్రవర్తి తల నిటారుగా వేలాడేట్టు రంధ్రం ఎక్కడ పొడవాలో మాత్రం ఇద్దరికీ తెలుసు.

నౌకాయానం లేని కావ్యం అసంపూర్ణం. ఇంగ్లండ్‌లోని సట్టన్ హూ దిబ్బ కింద 1939లో ఇరవై ఏడు మీటర్ల ఓడ ఆనవాలు దొరికింది. అందులో ఒక రాజుగారి పర్సు, పర్సులో ఫ్రాంకుల దేశపు 37 త్రెమిస్సిస్‌లు, ఒక్కోటి ఒక్కో టంకశాలది. వాటితో పాటు బొమ్మ వేయని మూడు ఖాళీ బిళ్ళలు, రెండు చిన్న బంగారు కడ్డీలు. ఫిలిప్ గ్రియర్సన్ అనే నాణెశాస్త్రజ్ఞుడు దీనికో లెక్క కట్టాడు: నలభై మంది తెడ్లవాళ్ళకు తలా ఒకటి, చుక్కాని పట్టేవాడికి రెండు కడ్డీలు, పరలోకయాత్రకు కూలీ. మూడు నాణేలు తక్కువైతే ఖాళీ బిళ్ళలతో సరిపెట్టారన్నమాట. పరలోకంలో మాత్రం బొమ్మను ఎవరు చూడొచ్చారు? ఊహ కాదంటే కాదనొచ్చు గాని, ఇంత మంచి ఊహను వదులుకోవడం నాకిష్టం లేదు.

ఈలోగా సొంతపేరు అనే దురాశ మొదలైంది. ఫ్రాంకుల రాజు థియుడెబెర్ట్ (534-548) సాలిడస్‌మీద చక్రవర్తి పేరు చెరిపి ‘మా ప్రభువు థియుడెబెర్ట్, విజేత’ అని రాయించాడు. బొమ్మ అదే, ముత్యాలు అవే, పేరే మారింది. కాన్‌స్టాంటినోపుల్‌లో చరిత్రకారుడు ప్రొకోపియస్‌కు ఒళ్ళు మండింది. పారశీక రాజంతటివాడు వెండి నాణెం ఎలా కావాలంటే అలా కొట్టుకుంటాడు గాని బంగారంమీద తన ముఖం వేయడు, వేసినా పరాయి జాతులవాళ్ళు కూడా బేరానికి పుచ్చుకోరు అని రాశాడు. అంత కోపంలోనూ ఆయన ఆధారపడింది సంతలోని బేరగాడిమీదనే. విసిగోత్ లియోవిగిల్డ్ కూడా ఆ శతాబ్దం చివరికి తన పేరు వేసుకున్నాడు. ఫ్రాంకుల దేశంలో క్రమంగా చక్రవర్తీ పోయాడు, రాజూ చాలాచోట్ల పోయాడు. వందల ఊళ్ళ పేర్లు, ఆ ఊళ్ళో అచ్చు కొట్టినవాడి పేరు వచ్చి కూర్చున్నాయి. ఇన్నాళ్ళూ దడికట్టిన గీతల వెనక దాక్కున్న కంసాలి ఎట్టకేలకు తన పేరు తాను చెక్కుకున్నాడు, అక్షరదోషాలతో.

అప్పటికి తూర్పునుంచి బంగారం రాక సన్నగిల్లింది. ఉన్నదాన్నే కరిగించి, వెండి కలిపి, మళ్ళీ కరిగించి, మళ్ళీ కలిపి కొట్టారు. 670 ప్రాంతానికి ఫ్రాంకుల త్రెమిస్సిస్ ముఖం పాలిపోయి, దాన్ని బంగారమనడానికి బాగా అలవాటున్నవాళ్ళే అనగలిగే స్థితికి వచ్చింది. చివరికి టంకశాలలవాళ్ళు మొహమాటం వదిలేసి వెండి దెనారియస్‌లు కొట్టడం మొదలుపెట్టారు. వెండివాడి కథ వాడి ఆస్థానకవి ఎవరైనా రాసుకుంటే రాసుకోవచ్చు. నేను బంగారం ఉప్పు తిన్నవాణ్ణి.